ప్రశ్నలమ్మ సర్దిన అంకెలు

"అబద్ధం అనకండి. అబద్ధం వేరు, తగ్గించి చెప్పడం వేరు. రోజుకి ఎన్ని సిగరెట్లు తాగుతారని ఆ రోజు మీ ఇంటికొచ్చి అడిగితే మీరు మాత్రం ఏమన్నారు? 'అబ్బే, ఎప్పుడైనా ఒకటీ అరా' అన్నారు. అంటూనే బూడిద గిన్నెని కాలితో కుర్చీ కిందకి నెట్టారు. చూశాన్లెండి. మీరొక్కరేనా, వార్డంతా అంతే. మా బావ అయితే నా మొహం మీదే నాలుగంటాడు. నాలుగు! పొద్దున్నే పళ్ళు తోముకునేలోపే అయిపోతాయి ఆయనకి నాలుగు."

ఈ మాటలు అంటున్నంతసేపూ ఆమె కూర్చోలేదు. ఆ గదిలో రెండే కుర్చీలు. ఒకదాంట్లో వినడానికి వచ్చిన మనిషి, రెండోదాంట్లో ఆమె సంచి. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్ళీ మడతపెట్టింది. పొయ్యి మీద నీళ్ళు పెట్టి, మరిగాక ఎందుకు పెట్టిందో మరిచిపోయి దించేసింది. రెండు మాటలకోసారి కిటికీ దగ్గరికి వెళ్ళి పైకి చూసి వచ్చింది. అక్కడినుంచి మెట్ల వార్డు మొత్తం కనిపిస్తుంది. గుట్ట మీద ఒకదాని భుజమెక్కి ఒకటి నిలబడ్డట్టు ఇళ్ళు, మధ్యలో మూడువందల పన్నెండు మెట్లు. పైనుంచి నాలుగో ఇల్లు వాళ్ళ అక్కది. పదిహేను రోజులుగా ఆ ఇంటి తలుపు ఆమెకు తెరుచుకోవడం లేదు.

వార్డులో అందరూ ఆమెను ప్రశ్నలమ్మ అంటారు. క్యాన్సర్ కేసులు నమోదుచేసే ఆఫీసులో తొమ్మిదేళ్ళుగా సర్వే చేస్తోంది. అంతకుముందు ఇరవై ఏళ్ళు చెప్పుల దుకాణంలో పని. జరిగిన గొడవకంతా మూలం ఆ దుకాణంలోనే ఉందని ఆమె నమ్మకం.

"పాదం కొలిచే చెక్క ఒకటుండేదండీ. దానిమీద కాలు పెట్టమంటే జనానికి నామోషీ. 'నాది ఐదో నంబరు' అనేవాళ్ళు. చూస్తే ఏడు. కాదంటే అలుగుతారు. నేను లోపలికెళ్ళి ఏడో నంబరు జతని ఐదో నంబరు పెట్టెలో పెట్టి తెచ్చేదాన్ని. తొడుక్కుని 'చూశావా, ఐదంటే వినవేం?' అని నన్నే దబాయించేవాళ్ళు. నేను నవ్వేదాన్ని. వాళ్ళ పరువు వాళ్ళకి, చెప్పు కాలికి."

దుకాణం మూతపడ్డాక ఈ ఉద్యోగం దొరికింది. నగరంలో ఎవరికి క్యాన్సర్ వచ్చినా ఆ కేసు ఆ ఆఫీసు పుస్తకాల్లోకి ఎక్కుతుంది. అది జరిగిపోయినదాని లెక్క. రాబోయేదాని లెక్క కావాలంటే ఇంకా జబ్బుపడని వాళ్ళ గుమ్మం ఎక్కాలి. వయసెంత, రోజుకి ఎన్ని సిగరెట్లు, ఎన్నేళ్ళుగా, చేసే పనిలో దుమ్మూ పొగా ఉన్నాయా, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చిందా. ఆఫీసులో లెక్కల సారు అని పిలిచే కుర్రాయన ఒకడున్నాడు. ముప్పై దాటలేదు, కళ్ళద్దాలు తీసి మాట్లాడితే నిజం చెబుతున్నాడని అర్థం. ఆ జవాబులన్నీ కలిపి, ఏ వార్డులో రాబోయే పదేళ్ళలో ఎన్ని కేసులు రావచ్చో ఆయన లెక్కగడతాడు. "ఇవాళ పీల్చిన పొగ ఇరవై ఏళ్ళకి మన పుస్తకంలోకి వస్తుందమ్మా. అది దారిలో ఉండగానే మనం చూడాలి" అని ఆమెకు మొదటివారమే చెప్పాడు.

ఆ మాట ఆమెకు పట్టేసింది. దారిలో ఉన్నదాన్ని చూడాలి. మరి జనం చూపిస్తేగా? వేలి చివర్లు పసుపుపచ్చగా ఉన్నవాడు మూడంటాడు. కిటికీ చెక్క మీద కాలిన మచ్చలు వరసగా ఉన్న ఇంట్లో ఐదంటారు. సర్వే పుస్తకం మొదటి పేజీలో పెద్దక్షరాలతో ఒక నియమం ఉంది: చెప్పింది చెప్పినట్టు రాయాలి. ఆమె ఆరునెలలు అలాగే రాసింది. ఏడోనెల నుంచి చెయ్యి దానంతటదే పాత అలవాటులోకి వెళ్ళిపోయింది. ఐదని చెబితే గది చూసి, వేళ్ళు చూసి, ఎనిమిది రాసేది. బావ నాలుగన్నచోట ఇరవై రెండు రాసింది. బావ ఇళ్ళకు రంగులేసే మనిషి, యాభై తొమ్మిదేళ్ళు, అందులో ముప్పై ఎనిమిదేళ్ళుగా సిగరెట్టు. ఆయన అన్న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే పోయాడు. ఆ ఫారం పూర్తిచేసిన రోజు ఆమెకు అన్నం సయించలేదు.

ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన తప్పని అనుకోలేదు కూడా. సరిపోయే చెప్పు ఇవ్వడం తప్పెలా అవుతుంది?

నెలన్నర క్రితం ఆఫీసులో మీటింగు పెట్టారు. లోపల స్కాన్ యంత్రం అమర్చిన పెద్ద బండి ఒకటి వస్తోంది. ఊపిరితిత్తుల్లో గడ్డ బఠాణీగింజంత ఉండగానే పట్టేస్తుంది, అప్పుడైతే మనిషి దక్కే వీలెక్కువ. బండి ఒక్కటే. మూడేళ్ళు ఒకే వార్డులో నిలబడుతుంది. ఎక్కడ కేసులు ఎక్కువ వస్తాయని లెక్క చెబితే అక్కడ. లెక్కల సారు తెర మీద రెండు అంకెలు చూపించాడు. రాబోయే పదేళ్ళలో మెట్ల వార్డులో అరవై నాలుగు, ఫౌండ్రీ వార్డులో యాభై ఒకటి. బండి మెట్ల వార్డుకి!

ఆమె చప్పట్లు కొట్టబోయింది. చేతులు కలిసేలోపే ఆయన ఇంకో మాట అన్నాడు.

"జనం సిగరెట్లు తగ్గించి చెబుతారని మనకు తెలిసిందే. అందుకని మూడు వార్డుల్లో కొంతమందికి ఉమ్మి పరీక్ష చేయించాం. ఉమ్మిలో పొగాకు ఆనవాలు దాగదు. చెప్పినదానికి అసలు సుమారు ఒకటిన్నర రెట్లుంది. కాబట్టి అన్ని వార్డుల అంకెల్నీ ఒకటిన్నరతో హెచ్చించాను."

ఉమ్మి పరీక్ష చేసిన మూడు వార్డుల్లో మెట్ల వార్డు లేదు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె చేయి సంచి మీదికి పోయింది. తను ముందే పెంచి రాసిన అంకెని ఈయన మళ్ళీ పెంచాడు. తప్పు ఆయనది కాదు. ఫౌండ్రీ వార్డు సర్వే చేసే మనిషి, ఆఫీసులో అందరూ నిదానం అని పిలిచే ఆయన, పక్కనే కూర్చున్నాడు. పెద్దమనిషి, అక్షరం పొల్లుపోనివ్వడు. ఎవరైనా 'ఏమో, గుర్తులేదు' అంటే 'ఏమో, గుర్తులేదు' అనే రాస్తాడు. ఆయన వార్డు అంకె ఒక్కసారే పెరిగింది.

"ఏంటక్కా, బండి మీకొచ్చిందిగా, మొహం అలా పెట్టారు?" అన్నాడు నిదానం.

"తలనొప్పి."

ఆ సాయంత్రం మెట్లెక్కుతుంటే ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు ఆపి దండం పెట్టారు. కబురు ఆమెకన్నా ముందే పైకెక్కింది. అక్క ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. "నీ చలవేనే. ఈయన ఆసుపత్రికి రమ్మంటే చస్తే రాడు. బండి గుమ్మంలోకొస్తే మెడపట్టుకుని తోస్తాను." అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెబితే బండి పోతుంది, బావ మిగిలిపోతాడు. చెప్పకపోతే అటు ఫౌండ్రీ వార్డులో ఎవరి బావో మిగిలిపోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కాలుగాలిన పిల్లిలా వారంరోజులు తిరిగింది. చివరికి తనకు తోచిన ఉపాయం చేసింది. మెట్ల వార్డులో ఇల్లిల్లూ మళ్ళీ తిరిగి, ఈసారి చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చి, పాత ఫారాల స్థానంలో పెట్టేయాలని. ముందు బావ దగ్గరికే వెళ్ళింది. ఆయన గుమ్మంలో కూర్చుని కిరసనాయిలుతో కుంచెలు కడుగుతున్నాడు.

"ఏం మరదలా, మళ్ళీ పుస్తకం పట్టుకొచ్చావ్? పరీక్ష తప్పావా?"

"సరిచూడమన్నారు. రోజుకి ఎన్ని బావా?"

"ముప్పై."

"నిరుడు నాలుగన్నావు!"

"నిరుడు బండి లేదుగా! ఎక్కువ తాగేవాళ్ళనే ఎక్కించుకుంటారట. ముప్పై చాలదంటే నలభై వేసుకో. నాదేం పోయింది, నీ పెన్నులో సిరా."

లోపలినుంచి అక్క అరిచింది. "నా పేరు కూడా రాయవే! ఆయన వదిలిందంతా పీల్చేది నేనే!"

పక్కింట్లో అంతే. ఆ కిందింట్లో అంతే. జన్మలో పొగ ముట్టలేదని నిరుడు ఒట్టేసిన దర్జీ ఈసారి "పది రాయండి, దాచేదేముంది" అన్నాడు. నూట పదో మెట్టు దగ్గర ఆమె కూలబడింది. నిరుడు సిగ్గు అంకెని తగ్గించింది, ఇప్పుడు ఆశ పెంచుతోంది. అసలు మాట నిరుడే ఆ గుమ్మాల్లో దొరికింది. అప్పుడు తను దాన్ని రాసుకోలేదు.

మర్నాడు లెక్కల సారు గదిలో నిలబడి, చెప్పుల దుకాణంలో పాదం కొలిచే చెక్క దగ్గర్నుంచి అంతా చెప్పేసింది. ఆయన కీబోర్డు మీంచి చేతులు తీశాడు.

"ఎన్ని ఇళ్ళల్లో సర్దారు?"

"మూడొంతుల్లో రెండొంతులు."

"ఎంతెంత?"

"మనిషిని బట్టి."

"వాళ్ళు అసలు చెప్పిందేంటో ఎక్కడైనా ఓ మూల రాసుకున్నారా?"

"లేదు."

కళ్ళద్దాలు తీశాడు. "మీరు అబద్ధం కలిపుంటే తీసేసేవాణ్ణమ్మా. నిజం కలిపారు. దాన్నెలా తీయను?"

తిట్టుంటే బాగుండేది. ఆయన తిట్టలేదు, బండి మాట నెలరోజులు ఆపమని పైవాళ్ళకు ఉత్తరం రాశాడు. ఆ తర్వాత చెప్పిన ఉపాయం ఆమెకు శిక్షలాగే వినిపించింది. ఫౌండ్రీ వార్డులో అరవైమందికి ఉమ్మి పరీక్ష జరిగింది, ఆ ఫలితాలు ఆయన దగ్గరే ఉన్నాయి. ఆ అరవై ఇళ్ళకీ ఆమె నిదానంతో కలిసి వెళ్ళాలి. వాళ్ళు చెప్పింది ఆయన రాస్తాడు, తనకు కనిపించింది ఆమె రాస్తుంది. ఉమ్మి చెప్పింది మూడోది. ఆ మూడూ పక్కపక్కన పెడితే ఆమె కన్ను ఎంత పెంచి చూస్తుందో తెలుస్తుంది. మూడు వారాలు ఇచ్చాడు.

"అంటే నా కంటికి కొలబద్ద పెడతారా?"

"పాదం కొలిచే చెక్క అన్నారుగా. అలాంటిదే."

ఫౌండ్రీ వార్డు ఊరికి అటుచివర. రెండు బస్సులు మారాలి. ఇనుము కరిగించి ఇసుక అచ్చుల్లో పోసే షెడ్లు, వాటిని ఆనుకుని ఇళ్ళు. కిటికీ రెక్క మీద వేలు పెడితే బూడిదరంగు గీత పడుతుంది. నిదానం గుమ్మంలో నిలబడి, చదివిన ప్రశ్నే చదివి, జవాబు వచ్చేదాకా గోడలా ఉంటాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

"వాడి జేబులో పెట్టె కనిపిస్తుంటే 'రెండు' అని రాశారేంటండీ?"

"అక్కా, మీరు మనిషిని రాస్తారు, నేను మాటని రాస్తాను. జీతం ఇద్దరికీ ఒక్కటే, మీకెందుకా ఆయాసం?"

అయితే ఒక్క ప్రశ్న దగ్గర ఆమె పెన్ను ఆగిపోవడం మొదలైంది. ఇసుక దుమ్ములో ఎన్నేళ్ళు పనిచేశారు? ఆ ప్రశ్నకు ఎవరూ తడుముకోలేదు, తగ్గించలేదు. ఇరవై ఆరేళ్ళా ఐదు నెలలు అని వేళ్ళమీద లెక్కపెట్టి మరీ చెప్పారు. సిగరెట్టుకి సిగ్గుంది. దుమ్ముకి సిగ్గేముంది, అది కూడు పెట్టేది. దుమ్ము ఒక్కటే ఉన్నవాడికి కొంత ముప్పు, పొగ ఒక్కటే ఉన్నవాడికి ఇంకాస్త, రెండూ ఉన్నవాడికి రెంటినీ కూడితే వచ్చేదానికన్నా ఎక్కువ అని లెక్కల సారు చెప్పినప్పుడు ఆమె ఊరికే తలూపింది. ఇక్కడ ఒక్కో గుమ్మంలో ఆ రెండూ ఒకే మనిషిలో నిలబడి ఉన్నాయి.

నలభై మూడో ఇంట్లో అచ్చులు తయారుచేసే మనిషి ఎదురయ్యాడు. "నేను తాగనండి. ఎప్పుడూ తాగలేదు" అన్నాడు. ఆమె వేళ్ళ వంక చూసింది. చివర్లన్నీ ముదురు పసుపు. లోపల నవ్వుకుని పన్నెండు రాసింది. బయటికి వచ్చాక నిదానం ఆమె కాగితంలోకి తొంగిచూశాడు.

"అది అచ్చుల జిగురు రంగక్కా. ఇసుక అతుక్కోవడానికి కలుపుతారు. ముప్పై ఏళ్ళు పూస్తే గోళ్ళలోకి దిగుతుంది."

ఆ మనిషి ఉమ్మిలో పొగాకు ఆనవాలే లేదని తర్వాత తేలింది. ఇరవై తొమ్మిదేళ్ళు తను నమ్ముకున్న కన్ను. బస్సులో తిరిగొస్తూ మెట్ల వార్డులో ఇలా ఎంతమంది వేళ్ళని తిట్టుకుందో గుర్తుచేసుకోబోయింది. దర్జీ వేళ్ళకి గుడ్డ మీద గీతలు గీసే పసుపు సుద్ద రంగు ఉంటుంది. నిరుడు అతనికి ఏడు రాసింది.

మూడో వారం చివర్లో లెక్కల సారు పిలిచాడు. ఈసారి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"గుంపు మొత్తం మీద చూస్తే మీ కన్ను చెప్పింది, ఉమ్మి చెప్పింది దాదాపు ఒకటే అమ్మా. ఒక్కొక్క మనిషి దగ్గరికొస్తే మాత్రం ఒకడికి ఎక్కువ, ఒకడికి తక్కువ. కాబట్టి మెట్ల వార్డు అంకెల్ని మీరు రాసినట్టే ఉంచి, ఒకటిన్నరతో హెచ్చించడం మానేస్తే చాలు."

"మానేస్తే ఎంతొస్తుంది?"

"నలభై ఆరు."

అక్కడ యాభై ఒకటి. ఆమె గోడకి ఆనుకుంది. "సార్, ఒక్కటి చెప్పండి. ఆ నలభై ఆరుమందిలో మా బావ ఉన్నాడా?"

"ఆయనలాంటివాళ్ళు నూరుమంది ఉంటే పదేళ్ళలో ఐదారుగురికి రావచ్చని చెప్పగలను. ఆ ఐదారుగురు ఎవరో నాకు తెలీదు."

"గుంపుకైతే సరిపోతుంది, మనిషి దగ్గరికొస్తే తెలీదు. అంటే మీ లెక్కా నా కన్నూ ఒకటేనన్నమాట."

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. "తేడా ఒకటుందమ్మా. నాకు తెలీదని నేను పక్కనే రాస్తాను."

బండి ఫౌండ్రీ వార్డుకి వెళ్ళిపోయింది. ఆమెకు రాతపూర్వకంగా మందలింపు వచ్చింది. ఏడాదిపాటు గుమ్మాలెక్కకూడదు, ఆఫీసులో కూర్చుని పాత కేసులు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. కూర్చోవడమే ఆమెకు అన్నిటికన్నా పెద్ద శిక్ష. మెట్ల వార్డులో దండాలు ఆగిపోయాయి. దర్జీ తన కొట్టు ముందునుంచి పోతుంటే గట్టిగా ఖాండ్రించి ఉమ్మాడు. "ఇదిగో, పరీక్షకి పట్టుకెళ్ళు" అన్నాడు. ఆమెకు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి. అక్క తలుపు సందులోంచే మాట్లాడింది. "వచ్చినదాన్ని కాలదన్నావ్. కందకి లేని దురద కత్తిపీటకెందుకే? నిన్నెవరడిగారు చెప్పమని?" ఆ తర్వాత సందు కూడా మూసుకుంది.

"తప్పు దిద్దానని నిద్ర పడుతుందనుకున్నానండీ" అంది ప్రశ్నలమ్మ, కిటికీ దగ్గర నిలబడి. "పట్టడం లేదు. అక్కడ మొదటి పదిరోజుల్లోనే ఇద్దరికి బఠాణీగింజలు దొరికాయట. ఒకడికి నలభై ఐదేళ్ళ పొగ. వాళ్ళ పిల్లలు లెక్కల సారుకి ఫోన్ చేసి ఏడ్చారట. మంచిదే కదా. మంచిదే అనుకుంటూ ఈ మెట్లవైపు చూస్తాను. పైనుంచి నాలుగో ఇల్లు కనిపిస్తుంది."

సంచి ఎత్తి మంచం మీద పడేసి, ఖాళీ అయిన కుర్చీ అంచున, లేవబోతున్నదానిలా కూర్చుంది.

"మీరు పైనుంచి ఆరో ఇల్లు కదూ. సాయంత్రం చదరంగం ఆడేది మా బావతోనే కదూ. నాకో పనిచేసి పెట్టాలి. గురువారం మధ్యాహ్నం ఆ బండి దగ్గర వేరే వార్డులవాళ్ళని పదిమందిని చూస్తారు. నేను రమ్మంటే రాడు. అక్క చెప్పినా రాడు, దానికి నామీద కోపం తీరేదాకా చెప్పదు కూడా. మీరు ఓడిపోండి, గెలవండి, ఏదో పందెం కట్టండి, రెండు బస్సులూ ఎక్కించి తీసుకెళ్ళండి. తొమ్మిదింటికల్లా బయల్దేరండి, రెండో బస్సు గంటకొకటే. నేను పంపానని మాత్రం అనకండి."

వినే మనిషి లేచి గుమ్మందాకా వెళ్ళాడు. వెనకనుంచి మళ్ళీ పిలిచింది.

"ఆగండి. లోపల కూర్చోబెట్టి రోజుకి ఎన్ని అని అడుగుతారు. నాలుగంటే నాలుగే అననివ్వండి, నలభై అంటే నలభై. మీరు మధ్యలో దూరి సర్దకండి. ఆ తర్వాత వాళ్ళడక్కపోయినా మీరే చెప్పండి, వాళ్ళన్న దీంతోనే పోయాడని. అదొక్కటీ ఆయన ఎవరికీ చెప్పడు. వెళ్ళండి, వెళ్ళండి, ఈపాటికి పావులు పేర్చేసుంటాడు."